గంజాం నల్ల ఇసుక: అయస్కాంతం దాకా ఎన్ని మెట్లు?

క్లుప్తంగా

గోపాల్‌పూర్‌కూ రుషికుల్య మొగకూ నడుమ, ఒడిశాలోని గంజాం తీరపు ఇసుకలో, బలమైన అయస్కాంతాలకు కావాల్సిన రేర్ ఎర్త్ లోహాలు ఉన్న మాట నిజం. అయితే అవి ఉండేది తేనెరంగు మోనజైట్ ఖనిజపు రేణువుల్లో, నల్లవాటిలో వెతికి లాభం లేదు. టన్ను ఇసుకలో మోనజైట్ సుమారు మూడు కిలోలు. దాన్ని ఇసుకలోంచి ఏరడం మనకు దశాబ్దాలుగా తెలిసిన పనే. ఆ తరువాతి మెట్లు కష్టం: వెంట వచ్చే రేడియోధార్మిక థోరియాన్ని పక్కకు తీయడం, కవలల్లా ఉండే లోహాలను విడదీయడం, వాటితో అయస్కాంతం చేయడం. తీరం మీద బతికే ఊళ్లకు మాత్రం అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది బావి నీళ్లు, ఇసుక దిబ్బలు.

వార్తల్లోకి ఎలా వచ్చింది

2025 ఏప్రిల్ 4న చైనా సమేరియం, గడోలినియం, టెర్బియం, డిస్ప్రోసియం, లుటీషియం, స్కాండియం, యిట్రియం ఎగుమతులకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. వాటితో చేసిన అయస్కాంతాలూ ఆ నియమం కిందికే వచ్చాయి. కొద్ది వారాల్లోనే విద్యుత్ వాహనాల మోటార్లకు అయస్కాంతాలు దొరకని పరిస్థితి ఏర్పడింది. దేశంలో 1.315 కోట్ల టన్నుల మోనజైట్ ఉందని, అందులో 72.3 లక్షల టన్నుల రేర్ ఎర్త్ ఆక్సైడ్లు ఉన్నాయని అదే ఏడాది జులైలో కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. నవంబరులో అయస్కాంతాల తయారీకి రూ.7,280 కోట్ల పథకాన్ని కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. ఏడాదికి 6,000 టన్నుల అయస్కాంతాలు తయారుచేయగల సామర్థ్యం దాని లక్ష్యం.

ఈ వార్తలు చదివిన బరంపురం, ఛత్రపురం వైపు తెలుగువాళ్లకు వచ్చే సందేహం ఒక్కటే. ఒడియావాళ్లు నోలియాలని పిలిచే మన వాడబలిజ మత్స్యకారుల ఊళ్లు ఆ ఇసుక మీదే ఉన్నాయి. ఖనిజం ఇంత ఉంటే కొరత ఎందుకు?

నేలలో ఉన్న నిల్వ వేరు, ఏటా చేతికందే సరుకు వేరు. 2024లో చైనా తన గనులకు ఇచ్చిన కోటా 2.7 లక్షల టన్నుల రేర్ ఎర్త్ ఆక్సైడ్లు. భారత్‌లో ఏడాది ఉత్పత్తి మూడు వేల టన్నుల లోపే. ఈ తేడా ఎక్కడ పుడుతోందో తెలియాలంటే ఇసుక రేణువు దగ్గరే మొదలుపెట్టాలి.

ఈ ఇసుక ఎక్కడిది

గంజాం, గజపతి, రాయగడ జిల్లాల కొండల్లో ఎక్కువగా కనిపించేవి ఖోండలైట్, చార్నోకైట్ రాళ్లు. కలహండి కొండల్లో చూసిన రాయికి అక్కడి కోందు గిరిజనుల పేరు మీద 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఖోండలైట్ అని పేరు పెట్టారు. దాదాపు వంద కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో తీవ్రమైన వేడికీ ఒత్తిడికీ లోనైన రాళ్లు ఇవి. ఆ వేడిలోనే గార్నెట్, సిల్లిమనైట్ లాంటి గట్టి ఖనిజాలు వాటిలో తయారయ్యాయి. ఇల్మనైట్, జిర్కాన్, రూటైల్, మోనజైట్ ఈ రాళ్లలోనూ, వీటి నడుమ చొచ్చుకొచ్చిన ఇతర రాళ్లలోనూ చెదురుమదురుగా ఉంటాయి.

రాయి వానకు నానినప్పుడు అందులోని ఫెల్డ్‌స్పార్ మెత్తబడి బంకమన్నుగా మారిపోతుంది. నీటికి లొంగని క్వార్ట్జ్, పైన చెప్పిన బరువు ఖనిజాలు గింజలుగా మిగిలి, రుషికుల్య, బాహుదా లాంటి ఏళ్ల వెంట సముద్రంలోకి చేరతాయి. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు తీరాన్ని ఏటవాలుగా తాకుతాయి కాబట్టి, ఏడాది మొత్తం మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతూ ఉంటుంది. అలా జరిగేది ఏటా లక్షల ఘనపు మీటర్లు.

అసలు ఏరివేత చేసేది అల. ఇంట్లో బియ్యం గాలించేటప్పుడు నీటిని మెల్లగా ఒంపితే రాళ్లు అడుగున ఉండిపోయి బియ్యం జారుతాయి కదా, ఇక్కడా అంతే. ఒడ్డు పైకి వచ్చే అల జోరుగా అన్ని గింజలనూ తెస్తుంది. వెనక్కి పోయే నీరు పలచన, దాని బలం తక్కువ. క్వార్ట్జ్ నీటికన్నా 2.65 రెట్లు బరువు, దాని గింజ పెద్దది, పైకి పొడుచుకుని ఉంటుంది, అందుకే నీటితో పాటు దొర్లిపోతుంది. ఇల్మనైట్ 4.7 రెట్లు, మోనజైట్ దాదాపు 5 రెట్లు బరువు. వాటి గింజలు చిన్నవి కూడా కావడంతో పెద్ద గింజల సందుల్లో దాక్కుని అక్కడే ఉండిపోతాయి. తుపాను వెళ్లిన మర్నాడు తీరంలో పార పెట్టి నిలువుగా కోస్తే నలుపు, ఎరుపు, తెలుపు పొరలు ఒకదాని మీద ఒకటి చారలుగా కనిపించేది ఇందుకే. ఒక్కో నల్ల చార ఒక పెద్ద అలజడికి గుర్తు. గాలి ఆ ఇసుకను లోపలికి తోసి దిబ్బలు పేర్చింది. ఛత్రపురం దగ్గరి నిక్షేపం ఇలా 18 కిలోమీటర్ల పొడవున, సుమారు కిలోమీటరున్నర వెడల్పున పరుచుకుంది.

నల్లగా ఉన్నదంతా మోనజైట్ కాదు

తీరంలో ఎక్కువగా వినిపించే పొరపాటు ఇది. నల్ల గింజ ఇల్మనైట్. ఇనుము, టైటానియం కలిసిన ఆక్సైడ్ అది. తెల్ల పెయింట్‌కు కావాల్సిన టైటానియం డయాక్సైడ్ దాంట్లోంచే వస్తుంది. గులాబీ, ఎరుపు గింజలు గార్నెట్, సాన కాగితాలకూ, ఇసుకను జోరుగా చిమ్మి ఇనుప పలకలు శుభ్రం చేయడానికీ పనికొస్తాయి. గాజులా మెరిసేది జిర్కాన్. ఇది టైల్స్ గ్లేజుకు పోతుంది. మోనజైట్ పసుపు, తేనె రంగుల మధ్య ఉండి గుండ్రంగా అరిగి ఉంటుంది. రాశిలో దాన్ని కంటితో ఏరడం చాలా కష్టం.

పాత స్పీకరులోని అయస్కాంతాన్ని నల్ల ఇసుకలో తిప్పితే పెద్దగా ఏమీ అంటుకోదు. పాడైన హార్డ్‌డిస్క్‌లోంచి తీసిన నియోడిమియం అయస్కాంతానికి పాలిథిన్ సంచి చుట్టి తిప్పితే మాత్రం ఇల్మనైట్ గింజలు మీసాల్లా లేచి నిలబడతాయి. ఆ నల్ల గింజలను పైకి లాగుతున్న నియోడిమియం, ఇసుకలో మిగిలిపోయిన ఆ కొద్ది తేనెరంగు గింజల్లో దొరికే లోహమే.

ఇసుక నుంచి మోనజైట్

ఛత్రపురం దగ్గర మాటిఖాలోలో కేంద్ర అణుశక్తి విభాగం కింద ఉన్న ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ 1980ల నుంచి ఇసుక శుద్ధి చేస్తోంది. దిబ్బల వెనక చెరువు లాంటి గుంట తవ్వి, అందులో తేలే డ్రెడ్జర్ ఇసుకను నీటితో కలిపి పీలుస్తుంది. ఆ గుజ్జు స్పైరల్స్ మీదికి వెళుతుంది. స్పైరల్ అంటే మరమెట్లలా తిరుగుతూ దిగే తొట్టి. గుజ్జు అందులో దిగుతుంటే బరువు గింజలు లోపలి అంచుకు చేరతాయి, తేలిక ఇసుక బయటి అంచుకు పోతుంది. గుజ్జులో ఘనపదార్థం మూడో వంతు దాటితే గింజలు ఒకదాన్నొకటి అడ్డుకుని బరువు ఖనిజం బయటి అంచుకు కొట్టుకుపోతుంది. మిగిలిన తెల్ల ఇసుకను తవ్విన గుంటలోనే వెనక్కి నింపుతారు.

పైకి తీసిన బరువు ఇసుకను బాగా ఎండబెట్టి హైటెన్షన్ సెపరేటర్‌కు పంపుతారు. వేల వోల్టుల విద్యుత్ క్షేత్రంలో తిరిగే రోలర్ అది. ఇల్మనైట్, రూటైల్ విద్యుత్ వాహకాలు కావడంతో తమ మీది ఆవేశాన్ని వెంటనే రోలర్‌కు వదిలేసి విసురుగా దూరం పడతాయి. గార్నెట్, జిర్కాన్, మోనజైట్, సిల్లిమనైట్ ఆవేశాన్ని వదలకుండా రోలర్‌కు అంటిపెట్టుకుని వెనకవైపు రాలతాయి. తరువాత అయస్కాంత యంత్రాలు. వాహకాల్లో ఇల్మనైట్‌ను లాగితే రూటైల్ మిగులుతుంది. వాహకం కాని వాటిలో గార్నెట్ కాస్త బలంగా, మోనజైట్ బలహీనంగా అయస్కాంతానికి స్పందిస్తాయి. జిర్కాన్, సిల్లిమనైట్ అసలు స్పందించవు. సిల్లిమనైట్‌ను చివరికి నురగ తేల్చే పద్ధతిలో తీస్తారు.

ఇక్కడ చెడేది ఎక్కువగా తేమ వల్లే. గింజ మీద సన్నని తడి పొర ఉన్నా, బంకమన్ను పూత మిగిలినా వాహకం కానిది వాహకంలా ప్రవర్తిస్తుంది. వానాకాలంలో గాలిలోని తేమకే దిగుబడి పడిపోతుంది. జిర్కాన్‌లో మోనజైట్ జాడ మిగిలితే రేడియోధార్మికత పెరిగి టైల్స్ పరిశ్రమ ఆ సరుకును తిప్పి పంపుతుంది.

టన్ను ఇసుక లెక్క

ఛత్రపురం నిక్షేపంలో బరువు ఖనిజాల పాలు సుమారు 20 శాతం. వెయ్యి కిలోల ఇసుకలో 200 కిలోలన్నమాట. అందులో ఇల్మనైట్ 90 కిలోలు, గార్నెట్ 70, సిల్లిమనైట్ 35 కిలోల దరిదాపు. రూటైల్, జిర్కాన్, మోనజైట్ తలా మూడేసి కిలోలు. మోనజైట్ కోసమే అయితే ఈ ఇసుకను ఎవరూ తవ్వరు. ఇల్మనైట్, గార్నెట్ అమ్ముడుపోతేనే గని నడుస్తుంది. పెయింట్ రంగం మందగిస్తే మోనజైట్ కూడా తగ్గుతుంది. వ్యూహాత్మక ఖనిజమని పేరు పెట్టినంత మాత్రాన ఈ ముడి వీడదు.

ఆ మూడు కిలోల మోనజైట్‌లో రేర్ ఎర్త్ ఆక్సైడ్లు 58 శాతం, అంటే సుమారు 1,700 గ్రాములు. అందులో సీరియం 800 గ్రాములు, లాంథనం 400. అయస్కాంతానికి కావాల్సిన నియోడిమియం, ప్రసియోడిమియం కలిపి మరో 400 గ్రాములు. వీటితో పాటే వచ్చే థోరియం ఆక్సైడ్ 270 గ్రాములు. అయస్కాంతం బరువులో మూడో వంతుకు కాస్త తక్కువ ఈ రెండు లోహాలు, మిగతాది దాదాపు ఇనుమే. ఆ లెక్కన టన్ను ఇసుక నుంచి కాగితం మీద కిలో అయస్కాంతం వస్తుంది. మెట్టుమెట్టుకూ కొంత పోతుంది కాబట్టి నిజానికి ఇసుక ఇంకా ఎక్కువే కావాలి. విద్యుత్ కారు మోటారుకు కావాల్సింది ఒకటి రెండు కిలోలు.

ఇదే లెక్కను 6,000 టన్నుల లక్ష్యానికి వేస్తే, ఏ నష్టమూ లేదనుకున్నా, ఏటా 15 వేల టన్నుల పైచిలుకు మోనజైట్ కావాలి. ఛత్రపురంలో మోనజైట్‌ను రసాయనాలతో శుద్ధిచేసే కర్మాగారం సామర్థ్యం ఏడాదికి 10 వేల టన్నులు. 15 వేల టన్నుల మోనజైట్ రావాలంటే ఛత్రపురం పాటి ఇసుక ఏటా 50 లక్షల టన్నులు గాలించాలి. దాంతో పాటు దాదాపు 1,400 టన్నుల థోరియం ఆక్సైడ్, 4 వేల టన్నుల సీరియం ఆక్సైడ్ పోగుపడతాయి. సీరియానికి గాజు సానపెట్టడం లాంటి వాడకాలున్నా ధర బాగా తక్కువ.

థోరియం దగ్గర ఆగే బండి

మోనజైట్ ఫాస్ఫేట్ ఖనిజం, మామూలు ఆమ్లానికి లొంగదు. మెత్తగా నూరి, చిక్కని కాస్టిక్ సోడాలో 140 డిగ్రీల వేడి దగ్గర ఉడికిస్తారు. ఫాస్ఫేట్ విడిపోయి ట్రైసోడియం ఫాస్ఫేట్‌గా బయటికొస్తుంది. శుభ్రపరిచే పొడుల్లో అది వాడతారు. మిగిలిన హైడ్రాక్సైడ్ల ముద్దను హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో, ఆమ్లత్వం మితిమీరకుండా చూసుకుంటూ కరిగిస్తారు. రేర్ ఎర్త్‌లు ద్రావణంలోకి దిగుతాయి, థోరియం ముద్దలోనే నిలుస్తుంది. ఆమ్లం ఎక్కువైతే థోరియం కూడా దిగిపోతుంది, తక్కువైతే రేర్ ఎర్త్‌లు ముద్దలోనే మిగిలి వృథా అవుతాయి. థోరియం క్షయమవుతుంటే పుట్టే రేడియం ద్రావణంలోకే వెళుతుంది. దాన్ని బేరియం సల్ఫేట్‌తో పాటు అడుగుకు దించి వేరుచేస్తారు. ఆ మడ్డిని ఎక్కడ, ఎంత భద్రంగా దాస్తున్నారన్నది ఈ మెట్టులో అతి ముఖ్యమైన సంగతి.

థోరియంతో కరెంటు ఎందుకు తీయడం లేదన్న ప్రశ్నా తరచూ వస్తుంది. థోరియం తనంతట తాను గొలుసు చర్య నడపలేదు. న్యూట్రాన్‌ను పట్టుకుని ప్రొటాక్టీనియంగా మారాలి. 27 రోజుల అర్ధాయువున్న ఆ ప్రొటాక్టీనియం క్షయమై యురేనియం-233 అవుతుంది, మండేది అది. అంటే తడి కట్టెలాంటిది, ముందు వేరే మంట కావాలి. భారత అణు కార్యక్రమంలో థోరియాన్ని భారీగా వాడేది మూడో దశ. కల్పాక్కంలో 1996 నుంచి ఉన్న కామినీ రియాక్టర్ యురేనియం-233తోనే నడిచినా దాని సామర్థ్యం 30 కిలోవాట్లు, అది పరిశోధన కోసం. కాబట్టి ఇప్పటికి థోరియం గోదాముల్లో కాపలా కాయాల్సిన సరుకే.

ప్రభుత్వం ఈ ఖనిజాన్ని గట్టిగా పట్టి ఉంచడానికీ కారణం ఇదే. బరువు ఖనిజాల్లో మోనజైట్ 0.75 శాతం దాటితేనే ఆ నిక్షేపం ప్రభుత్వ సంస్థలకు ప్రత్యేకమనే నియమాన్ని 2019లో మార్చి, ఆ హద్దును సున్నా చేశారు. మోనజైట్ జాడ ఉన్న తీరపు ఇసుక ప్రైవేటు లీజులకు మూసుకుపోయింది.

చైనాలోని బయాన్ ఓబోలో రేర్ ఎర్త్‌లు ఇనుప గనితో పాటు వస్తాయి. అక్కడి ప్రధాన ఖనిజం బాస్ట్‌నసైట్‌లో థోరియం మన మోనజైట్‌లో కన్నా చాలా తక్కువ. దక్షిణ చైనాలో మరో రకం ఉంది. బంకమన్నుకు అయాన్లుగా అంటుకున్న లోహాలను అమ్మోనియం సల్ఫేట్ ద్రావణంతో కడిగి తీస్తారు. తేలికే, కానీ అక్కడి కొండలూ వాగులూ అమ్మోనియాతో పాడయ్యాయి. చైనా ముందంజలో ఈ పర్యావరణ ఖర్చు కూడా కలిసి ఉందని మరిచిపోకూడదు.

విడదీత, ఆపై అయస్కాంతం

ఛత్రపురంలో తయారైన మిశ్రమ రేర్ ఎర్త్ క్లోరైడ్ కేరళలోని ఆలువాకు వెళుతుంది. 1952లో మొదలైన కర్మాగారం అది. ఈ లోహాలన్నీ రసాయనికంగా ఒకేలా ప్రవర్తిస్తాయి, అయాన్ల పరిమాణంలో తేడా వెంట్రుకవాసి. నూనెలాంటి ద్రావణి ఒక లోహాన్ని పక్కదానికన్నా కొద్దిగా ఎక్కువ ఇష్టపడుతుంది. ఆ కొద్ది తేడాను వందల తొట్లలో కలపడం, తేర్చడం, మళ్లీ కలపడం ద్వారా పెంచుకుంటూ పోవాలి. ఒక తొట్టిలో ప్రవాహం తప్పితే దాని ప్రభావం రోజుల తరబడి వరస పొడవునా కనిపిస్తుంది.

ఆక్సైడ్ చేతికొచ్చాక దాన్ని కరిగిన ఫ్లోరైడ్ లవణంలో వెయ్యి డిగ్రీల పైన విద్యుద్విశ్లేషణ చేసి లోహం తీయాలి. ఇనుము, బోరాన్‌తో కలిపి, మూడు నుంచి ఐదు మైక్రాన్ల పొడి చేసి, అయస్కాంత క్షేత్రంలో అదిమి, గాలి లేని కొలిమిలో కాల్చాలి. ఆ పొడికి గాలి తగిలితే అంటుకుంటుంది. ఈ వరసలో మన అనుభవం పలచన. విశాఖపట్నంలో 2023 మేలో ప్రారంభమైన కర్మాగారం ఏటా మూడు టన్నుల సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాలకు ఉద్దేశించింది. రక్షణ, అంతరిక్ష అవసరాలకు అది మేలే, కార్ల అవసరం మాత్రం వేల టన్నుల్లో ఉంది.

ఇంకొక లోటు ప్రకృతి పెట్టింది. వేడెక్కే మోటార్లలో నియోడిమియం అయస్కాంతం బలం కోల్పోకుండా డిస్ప్రోసియం, టెర్బియం కొద్దిగా కలుపుతారు. మన మోనజైట్‌లో అవి జాడమాత్రమే. చైనా ఆంక్షల జాబితాలో ఈ రెండూ ఉన్నాయి, నియోడిమియం ఆ జాబితాలో లేదు. గంజాం ఇసుకంతా గాలించినా ఆ కొరత పెద్దగా తీరదు. డిస్ప్రోసియం తక్కువ పట్టే అయస్కాంతాలు, మోటారును చల్లగా ఉంచే రూపకల్పన ఈ చిక్కుకు దగ్గరి దారులు.

తీరపు ఊళ్లు చూసుకోవాల్సినవి

దిబ్బల కింద వాన నీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీరు ఉంటే, కింద దాదాపు 40 అడుగుల మంచినీటి పొర ఉన్నట్టు. లెక్క తిరగేస్తే ప్రమాదం తెలుస్తుంది. డ్రెడ్జర్ గుంట వల్లనో, మోటార్ల వల్లనో నీటిమట్టం ఒక అడుగు తగ్గి అలాగే నిలిచిపోతే, ఉప్పునీరు క్రమంగా 40 అడుగులు పైకొస్తుంది. బావి ఎండకుండానే పాడవుతుంది.

దిబ్బ ఎత్తు మరో సంగతి. బరువు ఖనిజం తీశాక మిగిలే గింజల ఘనపరిమాణం దాదాపు ఏడో వంతు తగ్గుతుంది. తిరిగి పోసిన ఇసుక కొత్తలో వదులుగా ఉండి ఆ లోటు కనిపించదు, కుదురుకున్నాక నేల దిగుతుంది. 2013లో ఫైలిన్ లాంటి తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన చోట అడుగు ఎత్తు కూడా విలువైనదే. రుషికుల్య మొగ దగ్గర పోడంపేటను సముద్రం కోసేసింది. ఇలాంటి కోతకు ఇసుక శుద్ధి ఒక్కటే కారణమనడం సరికాదు. ఉత్తరానికి నడిచే ఇసుకకు అడ్డంగా కట్టిన ఏ రాతిగోడైనా తన ఉత్తరం పక్కన తీరాన్ని ఆకలికి వదిలేస్తుంది. ఏటి మీది ఆనకట్టలూ కొత్త ఇసుకను ఆపుతాయి. ఇన్ని ఒత్తిళ్లున్న తీరంలో ఒక్కో పనికి విడివిడిగా అనుమతి ఇచ్చి, అన్నిటి మొత్తం ప్రభావం చూడకపోవడం పెద్ద లోపం.

రేడియోధార్మికత గురించి భయమూ ఉంది, తేలిగ్గా తీసుకోవడమూ ఉంది. మోనజైట్ ఎక్కువగా ఉన్న కేరళ కరునాగపల్లి తీరంలో వేలమందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో సహజ గామా కిరణాల వల్ల క్యాన్సర్ పెరిగిన దాఖలా కనిపించలేదు. తీరంలో వల ఆరేయడం, నడవడం వల్ల ఆందోళన అక్కర్లేదు. ఖనిజం సాంద్రమైన చోట ధూళి పీల్చడం మాత్రం ప్రమాదం. బరువు ఇసుకను ఇంటి గోడలకు, గచ్చుకు వాడడమూ తప్పే. థోరియం నుంచి పుట్టే థోరాన్ వాయువు నిమిషం లోపే సగమైపోతుంది కాబట్టి ఆరుబయట చెదిరిపోతుంది, గోడలోంచే వస్తుంటే గదిలో ఉన్నవాళ్ల ఊపిరికి చేరుతుంది.

తవ్విన చోట తిరిగి నాటేది ఎక్కువగా సరుగుడు. త్వరగా పెరిగి గాలిని ఆపుతుంది, మంచిదే. కానీ గంజాం దిబ్బల అసలు సంపద మొగలి పొద. దేశంలో మొగలి అత్తరుకు ఈ జిల్లాయే ప్రధాన కేంద్రం. వానాకాలంలో మొగలి పూలు కోసి బట్టీలకు అమ్మే కుటుంబాలకు సరుగుడు తోట ఆ ఆదాయం ఇవ్వదు. పూడ్చిన నేలలో మొగలి పిలకలు నాటడం పునరుద్ధరణ పథకంలో రాసి ఉందో లేదో గని అనుమతి కోసం జరిపే బహిరంగ విచారణలోనే అడగాలి.

ఆ విచారణకు వెళ్లే ఊరు ముందుగా చేయగలిగిన పని ఒకటుంది. గుంటకు దగ్గరగా, దూరంగా ఉన్న నాలుగైదు బావులను ఎంచి, మే చివరన ఒకసారి, దసరా తరువాత ఒకసారి నీటిమట్టం టేపుతో కొలిచి, క్లోరైడ్ పరీక్ష చేయించి, తేదీతో నోటుపుస్తకంలో రాసుకోవాలి. తాగునీటిలో క్లోరైడ్ లీటరుకు 250 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, గత్యంతరం లేనప్పుడు 1,000 దాకా అనుమతిస్తారు. తవ్వకానికి ముందు రెండేళ్ల అంకెలు చేతిలో లేకపోతే, ఆ తరువాత నీరు ఉప్పగా మారినా మార్పు ఎప్పుడు మొదలైందో ఎవరూ నిరూపించలేరు.